ఆల్డో లియోపోల్డు జీవితము

గొప్పవారి చరిత్రములను వ్రాయువారు సామాన్యముగా వారి గెలుపులను వరుసగా చెప్పి, పొరపాట్లను మూలను దాచిపెట్టుదురు. నేను చెప్పబోవు మహనీయుని విషయమున అట్లు చేయుటకు వీలులేదు. ఆయన చేసిన పెద్ద పొరపాటును దాచినచో ఆయన జీవితములో సగము మాయమగును. ఆ పొరపాటును స్వహస్తముతో వ్రాసి లోకమునకు తెలుపుమని ఆయనను పట్టుబట్టి యడిగినవాడు ఆయన శిష్యుడే. గురువు శిష్యుని దిద్దుట మనము ప్రతిదినము తరగతిలో చూచుచున్నాము. శిష్యుడు గురువును దిద్దుటయు, గురువు దానిని తలయొగ్గి గ్రహించుటయు అంతగా చూడలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, అయోవా రాష్ట్రమున, మిస్సిసిపీ నది యొడ్డున బర్లింగ్టన్ అను పట్టణము గలదు. ఆల్డో లియోపోల్డు అచ్చట 1887 వ సంవత్సరము జనవరి 11 వ తేదీన జన్మించెను. జర్మనీ దేశమునుండి వచ్చి స్థిరపడిన వంశము వారిది. తండ్రి కార్ల్ లియోపోల్డు మంచి కఱ్ఱతో వ్రాతబల్లలు చేయించి అమ్ము వర్తకుడు. వేటయందు మిక్కిలి ప్రీతి గలవాడు. అయినను వసంతకాలమున పక్షులు గ్రుడ్లు పెట్టుటకు పోవుచుండగా వానిని కొట్టుట న్యాయము కాదని తలచి, నిషేధించు చట్టమేదియు లేని దినములలోనే ఆ ఋతువున వేట మానుకొనెను. బాలుడైన ఆల్డో తండ్రి వెంట నదీతీరపు చిత్తడినేలలలో తిరిగి, ఏ పక్షి యెప్పుడు వచ్చునో, ఎప్పుడు పోవునో చిన్న పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఈ యలవాటును ఆయన చనిపోవునంతవరకు విడువలేదు. న్యూజెర్సీలోని లారెన్స్‌విల్ పాఠశాలలో చదువుచున్నప్పుడు తల్లి క్లారాకు వ్రాసిన ఉత్తరములలో తాను నడచిన పొలములను గూర్చియు, చూచిన పక్షులను గూర్చియు విరివిగా వ్రాసెను. పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున అరణ్యశాస్త్రము నభ్యసించి 1909 లో పట్టము పొంది, ఆ యేడే ప్రభుత్వపు అరణ్యశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను.

ఆ శాఖ అప్పటికి నాలుగేండ్ల బిడ్డ. పశ్చిమ దేశమున, అరిజోనా మండలములోని అపాచీ అరణ్యమునకు ఆయనను పంపిరి. వయస్సు ఇరువది రెండేండ్లు. గుఱ్ఱము, తుపాకి, దిక్సూచి, కలప కొలతలు వ్రాసికొను పుస్తకము, ఇవియే ఆయన పరివారము. ఒకనాడు ఆయనయు తోడి యుద్యోగియు కొండచఱియమీద కూర్చుండి మధ్యాహ్న భోజనము చేయుచుండగా క్రింద ఏటిని ఏదో జంతువు ఈదుచు దాటుచుండెను. ముందు జింక యనుకొనిరి. గట్టెక్కి తోక విదిల్చినప్పుడు అది ఆడు తోడేలని తెలిసెను. ఎదిగిన పిల్లలు పొదలలోనుండి పఱుగెత్తివచ్చి తల్లిచుట్టు ఆడుకొనసాగినవి. ఆ దినములలో తోడేలును చూచి కాల్చకుండ ఊరకున్నవాడు లేడు. వీరును తుపాకులు ఖాళీయగువఱకు కాల్చిరి. దిగివచ్చి చూచునప్పటికి తల్లి తోడేలు కొనయూపిరితో నుండెను. దాని కన్నులలోని ఆకుపచ్చని వెలుగు క్రమముగా ఆఱిపోవుటను లియోపోల్డు దగ్గఱనుండి చూచెను.

ఇది చదివి, ఆ క్షణముననే ఆయన మనస్సు మాఱెనని తలంపవలదు. కథలలో అట్లు జరుగును గాని జీవితములో జరుగదు. 1909 లోనే తల్లికి వ్రాసిన యుత్తరమున తోడేళ్లను కొట్టితిమని మాటవరుసకు తెలిపి యూరకుండెను. తోడేళ్లు తగ్గినచో జింకలు పెరుగును, తోడేళ్లు బొత్తిగా లేకపోయినచో అడవి వేటగాండ్రకు స్వర్గమగును అని ఆనాటి లెక్క. కూడిక తీసివేతల వలె సులభముగా కనబడు ఈ లెక్కను ప్రభుత్వమును, పశువుల కాపరులును, చదువుకొన్న యుద్యోగులును అందఱును నమ్మిరి. నమ్ముటయే గాదు, లియోపోల్డు తరువాతి పదేండ్లలో ఊరూర వేటగాండ్ర సంఘములను నెలకొల్పి, తోడేళ్లను, కొండసింహములను రూపుమాపవలెనని పత్రికలలో వ్రాసి, సభలలో ఉపన్యసించెను. న్యూమెక్సికోలో చివరి తోడేలును పట్టువఱకు ఓర్పును ధనమును వెచ్చింపవలసియుండునని 1920 లో ఒక మహాసభలో గట్టిగా చెప్పెను.

ఈ నడుమ 1912 లో శాంటాఫే పురమునకు చెందిన ఎస్టెల్లా బెర్గేరె అను యువతిని వివాహమాడెను. మఱుసటి సంవత్సరమున, ఉద్యోగపు పనిమీద కొండలలో తిరుగుచు వడగండ్ల వానలో తడిసి, మూత్రపిండముల వ్యాధి తగిలి చావు అంచువఱకు పోయెను. ఒక సంవత్సరమునకు పైగా మంచముపట్టి లేచినను పూర్వపు బలము మఱల రాలేదు. కొండలెక్కు ఉద్యోగమునుండి బల్లయొద్ద కూర్చుండు ఉద్యోగమునకు మాఱవలసివచ్చెను. విశ్రాంతి దినములలో ఎక్కువగా చదివెను, ఎక్కువగా ఆలోచించెను.

మన పాఠశాలలో బైబిలు చదువు విద్యార్థులకు ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. 1920 లో ఆయన అరణ్యశాస్త్ర పత్రికలో పూర్వ నిబంధన ప్రవక్తలకు గల అడవుల పరిజ్ఞానమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. యెషయాకు చెట్ల జాతులు ఎంత చక్కగా తెలియునో, యోవేలు కార్చిచ్చును ఎంత సరిగా వర్ణించెనో, అరణ్యోద్యోగి కన్నులతో పరిశీలించి చూపెను. మంచి మేతను మేసి మిగిలినదానిని కాళ్లతో త్రొక్కువారిని, తేట నీరు త్రాగి మిగిలినదానిని కలచివేయువారిని యెహెజ్కేలు మందలించుట ఆయన మనస్సునకు గట్టిగా నాటెను. చెట్లు కొట్టువాడు, పశువులు మేపువాడు తరువాతివారికి ఏమి మిగుల్చుచున్నాడు అను ప్రశ్న ఆయనకు కొత్త శాస్త్రగ్రంథములనుండియే కాక ఆ పాత గ్రంథమునుండియు లభించినదని నా నమ్మకము.

న్యూమెక్సికోలో గీలా నది పుట్టు కొండలలో రోడ్లు వేయకుండ, కట్టడములు లేకుండ కొంత భూమిని ఉన్నది ఉన్నట్లు విడిచిపెట్టవలెనని 1922 లో లియోపోల్డు ప్రభుత్వమునకు సూచించెను. 1924 జూన్ 3 వ తేదీన సుమారు 7,50,000 ఎకరముల భూమి ఆ ప్రకారము ప్రత్యేకింపబడెను. జాతీయారణ్యములలో ఇట్టి రక్షణ పొందిన మొదటి ప్రదేశమిదియే. కాని అప్పటికే ఆ కొండలలో తోడేళ్లు దాదాపు నశించియుండెను. అడ్డులేక జింకలు పెరిగి, పొదలను, మొలకలను, లేత చెట్లను నోటికందినంతవఱకు కొఱికివేసినవి. కొండ బోడియయ్యెను. జింకలను తగ్గించుటకు వేటగాండ్రు లోనికి పోవలెను. వారు పోవుటకు దారి కావలెను. కొన్నియేండ్లలోనే ఆ రక్షితారణ్యమును రెండుగా చీల్చుచు రోడ్డు వేసిరి. ఏ చేతితో తోడేళ్లను కాల్చెనో ఆ చేతితో నాటిన మొక్కనే ఆ కార్యము నరకివేసెను. ఆయన వేసిన లెక్కలో పొరపాటు ఈ విధముగా బయటపడెను. కొండ, గడ్డి, జింక, తోడేలు వేఱువేఱు వస్తువులు కావు. ఒకదానిని తీసివేసినచో తక్కినవి ఉన్నచోట ఉండవు.

ఈ సంబంధములను పరిశీలించు విద్యకే జీవావరణ శాస్త్రమని పేరు. ఇంగ్లీషున దానిని ఎకాలజీ యందురు. ఇల్లు అను అర్థముగల గ్రీకు మాటనుండి 1866 లో జర్మను పండితుడు హెకెల్ ఆ పేరు కల్పించెను. ఒక యింటిలో ఎవరెవరున్నారో, ఎవరు ఎవరి మీద ఆధారపడి బ్రదుకుచున్నారో తెలిసికొనుట వంటిదే ఈ శాస్త్రము. మనము పాఠ్యపుస్తకములలో వృక్షశాస్త్రమును ఒకచోట, జంతుశాస్త్రమును మఱియొకచోట చదువుదుము. చెట్టు, జంతువు మాత్రము ఒకేచోట నుండును.

1924 లో లియోపోల్డు విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరమునకు బదలీయై కలప పరిశోధనశాలలో పనిచేసెను. బ్రదికియున్న అడవికంటె కోసిన కఱ్ఱను గూర్చియే ఆలోచించు ఆ తావు ఆయనకు సరిపడలేదు. 1928 లో ఆ పని వదలి, అనేక రాష్ట్రములు తిరిగి అడవి జంతువుల స్థితిగతులను పరిశీలించెను. 1933 లో ఆ విషయముపై ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరముననే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము, ఏటికి 8,000 డాలర్ల చొప్పున అయిదేండ్లకు ధనము సమకూరగా, వేటజంతువుల పోషణశాస్త్రమునకు ఒక ఆచార్యపదవిని కల్పించి ఆయనను నియమించెను. దేశములో అట్టి పదవి అదియే మొదటిది. అప్పటికి ఆయన వయస్సు నలువది యాఱేండ్లు. పెక్కుమంది ఆ వయస్సున నేర్చినదానిని చెప్పుటతో తృప్తిపడుదురు. ఈయన అప్పుడే క్రొత్తగా నేర్చుకొన నారంభించెను.

రెండు ప్రయాణములు ఆయనకు మిక్కిలి నేర్పినవి. 1935 లో జర్మనీకి పోయి అచ్చటి అడవులను చూచెను. సైనికులను నిలబెట్టినట్లు వరుసలుగా నాటిన ఒకేజాతి చెట్లు, వాని క్రింద పొదలు లేవు, పూవులు లేవు. జింకలు మాత్రము మెండు. వానికి మనుష్యులే మేత వేయవలెను. మఱుసటి సంవత్సరము మెక్సికోలోని గవిలాన్ నదీప్రాంతమునకు పోయెను. అచ్చట ఎవరును అడవిని చక్కదిద్దలేదు. తోడేళ్లును కొండసింహములును ఉన్నవి, జింకలును ఉన్నవి, గడ్డియు దట్టముగానున్నది, ఏటినీరు తేటగానున్నది. శ్రమపడి చక్కదిద్దిన అడవి రోగియై పడియుండగా, ఎవరును పట్టించుకొనని అడవి ఆరోగ్యముతో నుండుట చూచి ఆయన చిత్తము కలగెను.

1935 లోనే విస్కాన్సిన్ నది యొడ్డున, బారబూ పట్టణ సమీపమున, చచ్చిన పొలమును ఒకదానిని ఆయన కొనెను. దొంగసారాయి కాచుచుండిన పూర్వపు ఆసామి ఆ యిసుక నేలలోని సారమంతయు పీల్చివేసి, యిల్లు తగులబెట్టి, దేశాంతరము పోయెను. మిగిలినది ఒక కోళ్లపాక. దానిలో మోకాలి యెత్తు పేడయుండెను. లియోపోల్డు దంపతులును అయిదుగురు బిడ్డలును ఆ పేడను ఎత్తిపోసి, పాకకు పొయ్యి కట్టి, సెలవు దినములన్నియు అచ్చటనే గడపిరి. ప్రతి వసంతమున పారలు పుచ్చుకొని పైను మొక్కలు నాటుచుండిరి. మొదటియేట నాటిన వేలకొలది మొక్కలు 1936 నాటి కఱవులో దాదాపు అన్నియు ఎండిపోయినవి. మఱుసటియేట మఱల నాటిరి. బిడ్డల చేతులు బొబ్బలెక్కినవి. ఈ పనికి జీతము లేదు, మెప్పు లేదు, పంట లేదు. అయినను ఆ బిడ్డలందఱును పెద్దవారై నేలను, నీటిని, మొక్కలను, జంతువులను పరిశీలించు పనులలోనే ప్రవేశించిరి. వారిలో మువ్వురు అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తునకు సభ్యులుగా ఎన్నుకొనబడిరి. ఒకే తండ్రి బిడ్డలు మువ్వురకు ఆ గౌరవము కలుగుట అరుదు.

ఆ పాకయొద్ద తెల్లవాఱుటకు ముందే లేచి, కాఫీ గిన్నెతోను, వ్రాతపుస్తకముతోను బయట కూర్చుండి ఏ పక్షి యెన్ని గంటలకు మొదటి కూత కూసెనో వ్రాసికొనుట ఆయనకు నిత్యకృత్యము. ఛాయాచిత్రకారులు వెలుతురును కొలుచు పరికరమును దగ్గఱనుంచుకొని, ఎంత వెలుగునకు ఏ పక్షి గొంతు విప్పునో కూడ కొలిచెడివాడు.

ఇక ఆయన బోధించిన విధము. పండితులు కాదలచువారికే గాక, వైద్యము చదువువానికిని, వర్తకము చేయబోవువానికిని పనికివచ్చు తరగతి నొకదానిని ఆయన నడపెను. పేళ్ల పట్టికలు వల్లించుట అచ్చట పాఠము కాదు. ఒక పల్లెదారి వెంట పోవుచున్నట్లు ఊహింపుమనును. అదిగో ఒక రైతు యిల్లు. పెరటిలోని చెట్లను, చేలోని మన్నును చూచి, మొదట వచ్చినవాడు అడవి నరకి పొలము చేసెనా, గడ్డిమైదానమును దున్ని చేసెనా చెప్పుము. అప్పుడు ఇచ్చట మొలచిన మొక్కలేవి, ఇప్పుడు లేవేల? ఈ నేలకు సారమిచ్చినదెవరు? అప్పుడు కొట్టుకొనిపోని మన్ను ఇప్పుడేల కొట్టుకొనిపోవుచున్నది? ఇట్టి ప్రశ్నలకు పుస్తకమున జవాబుండదు. కన్ను తెఱచి చూచిననే దొరకును. మన పరీక్షలలో ఇట్టి ప్రశ్న యొక్కటి వచ్చినచో ఎందఱము ఉత్తీర్ణులమగుదుమో!

శిష్యులను తన అడుగుజాడలలో నడువుమని ఆయన కోరలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్నను అప్పగించి పొలములోనికి పంపెను. ఫ్రెడరిక్, ఫ్రాన్సిస్ హామర్‌స్ట్రమ్ దంపతులు నాశనమగుచున్న గడ్డిమైదానపు కోళ్లను కాపాడుటకు జీవితము ధారవోసిరి. జోసెఫ్ హికీ అను మఱియొక శిష్యుడు డి.డి.టి. అను పురుగుమందు వలన డేగల గ్రుడ్ల పెంకులు పలుచనగుచున్నవని 1968 లో తోటి పరిశోధకునితో కలసి లోకమునకు చూపెను. 1972 లో అమెరికా ప్రభుత్వము పైరులపై ఆ మందు చల్లుటను నిషేధించెను.

శిష్యులలో ఆల్బర్ట్ హాక్‌బామ్ అను నతడు చిత్రకారుడు. కెనడాలోని మానిటోబా రాష్ట్రమున బాతుల పరిశోధనశాలను నడపుచుండెను. లియోపోల్డు తన వ్యాసములను కూర్చి ఒక పుస్తకముగా ప్రకటింపదలచి, దానికి బొమ్మలు వేయుమని ఇతనిని కోరెను. వ్రాతప్రతులు చదివిన హాక్‌బామ్‌నకు ఒక లోటు తోచెను. అడవులను, జంతువులను పాడుచేసినవారిని గురువుగారు ఆ వ్యాసములలో నిందించిరి గాని, తామును ఒకప్పుడు అట్టివారిలో నొకరని ఎచ్చటను చెప్పలేదు. తోడేళ్లను నిర్మూలింపుమని కేకలు వేసిన యువకుడు ఆ పుటలలో కనబడలేదు. ఈ సంగతిని శిష్యుడు మొగమోటము లేకుండ గురువునకు వ్రాసెను. పలుమాఱు ఉత్తర ప్రత్యుత్తరములు జరిగినవి. లియోపోల్డు అప్పటికి దేశమున పేరుపొందిన పండితుడు, ఏబదియేడేండ్లవాడు. కోపపడవచ్చును, ఊరకుండవచ్చును. ఆయన ఆ రెండును చేయక, 1944 ఏప్రిలు 1 వ తేదీన ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ముప్పది యైదేండ్ల క్రిందట ఏటిగట్టున ఆఱిపోయిన ఆకుపచ్చని వెలుగు ఆ వ్యాసమున మఱల వెలిగెను. ఆనాడు కాల్చినది తానే యనియు, తన యెఱుకకంటె ఆ తోడేలును ఆ కొండయు ఎక్కువ యెఱుగుదుననియు అందులో ఒప్పుకొనెను. నేడు ఆయన వ్రాతలన్నిటిలో ఎక్కువమంది చదువునది ఆ కొద్ది పుటలే.

ఒప్పుకొనుట వలన ఆయనకు సుఖము కలుగలేదు. 1943 లో విస్కాన్సిన్ రాష్ట్ర ప్రకృతి సంరక్షణ సంఘమున ఆయన సభ్యుడయ్యెను. అచ్చటను జింకలు మితిమీఱి, అడవిని తినివేసి, చలికాలమున ఆకటితో చచ్చుచుండెను. ఆడుజింకలను గూడ వేటాడి సంఖ్యను తగ్గింపవలెనని ఆయన వాదించెను. ఆ యేట లక్షకు మించిన జింకలు చంపబడగా ప్రజలు మండిపడిరి. ఆయనను తిట్టుటకే యన్నట్లు ఒక పత్రికయు వెలువడెను. తోడేళ్లను చంపుమన్నప్పుడు చప్పట్లు కొట్టిన లోకము, సత్యము తెలిసి చెప్పినప్పుడు ఱాళ్లు విసరెను. ఆ తగవులో ఆయన గెలువలేదనియే చెప్పవలెను.

పుస్తకమును ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు త్రిప్పిపంపిరి. తుదకు 1948 ఏప్రిలు 14 వ తేదీన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము అంగీకరించినట్లు వార్త వచ్చెను. ఆ సంతోషముతో కుటుంబముతో పాకకు పోయెను. ఏప్రిలు 21 వ తేదీ ఉదయమున పొరుగువాని పొలములో చెత్తకు పెట్టిన నిప్పు ఎండుగడ్డికి అంటుకొని, లియోపోల్డు నాటిన పైను చెట్లవైపు పాకజొచ్చెను. ఆయన భార్యను కుమార్తెను వెంటబెట్టుకొని, నీళ్లును గోనెసంచులును పారయు తీసికొని పరుగెత్తెను. వారిని ఒక్కొక్కచోట నిలిపి, తాను ఒంటరిగా నిప్పు అంచున పోరాడుచుండగా గుండె ఆగెను. నేలపై వెల్లకిల పరుండి, చేతులు రొమ్ముమీద చేర్చుకొనియున్న స్థితిలో ఆయనను కనుగొనిరి. మంట ఆయన మీదుగా తేలికగా ప్రాకిపోయెను. జేబులోని చిన్న వ్రాతపుస్తకము అంచులు కమిలియుండెను. అప్పటికి ఆయన వయస్సు అఱువది యొక్క సంవత్సరము. పుట్టిన బర్లింగ్టన్ పట్టణముననే సమాధి చేసిరి. చెట్లు మాత్రము కాలలేదు.

కుమారుడు లూనా వ్రాతప్రతిని సరిచూచి ముద్రింపించగా 1949 లో ఆ పుస్తకము వెలువడెను. దానికి సాండ్ కౌంటీ పంచాంగమని పేరు. నేలను మనము కొని అమ్ము సొత్తుగా గాక, మనమును ఒక సభ్యులమైన సంఘముగా చూడవలెనని దాని తాత్పర్యము. మొదట కొద్దిమందియే చదివిన ఆ పుస్తకము తరువాతి కాలమున ఇరువది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయెను. 1998 మార్చి నెలలో, మెక్సికో జాతి తోడేళ్లను పదునొకండింటిని అపాచీ అరణ్యమున విడిచిపెట్టిరి. ఇరువది రెండేండ్ల లియోపోల్డు తుపాకి పేల్చిన అడవి అదియే.

కుమార్తె నీనా వార్ధక్యమున ఆ పాక దాపున ఇల్లు కట్టుకొని, తండ్రి వలెనే ప్రతి వసంతమున ఏ పూవు ఎప్పుడు విచ్చెనో, ఏ పక్షి యెప్పుడు వచ్చెనో వ్రాయుచుండెను. తండ్రి వ్రాసిన తేదీలను తన తేదీలతో పోల్చి చూడగా, పెక్కు పూవులు ముందుగా పూయుచున్నట్లును, పెక్కు పక్షులు ముందుగా వచ్చుచున్నట్లును తేలెను. భూమి వేడెక్కుచున్నదనుటకు సాక్ష్యముగా ఆమెయు తోటివారును ఆ లెక్కలను 1999 లో ప్రకటించిరి. 2011 లో మరణించువఱకు నీనా ఆ పుస్తకమును వ్రాయుట మానలేదు.